సెలక్షన్స్‌కి ముందు ఆ రెండు నెలలు: వైజాగ్ క్రాస్ కంట్రీ జట్లకు జాగ్రత్తలు

దసరా సెలవులు అయిపోయి కాలేజీ తెరవగానే నోటీసు బోర్డు మీద యూనివర్సిటీ క్రాస్ కంట్రీ (ట్రాక్ మీద కాకుండా మట్టి, గడ్డి, ఎత్తుపల్లాల మీద సాగే దూరపు పరుగు) సెలక్షన్స్ కాగితం కనిపిస్తుంది. జూన్ నుంచి గ్రౌండ్ మొహం చూడనివాళ్లు కూడా మర్నాడు పొద్దున్న ఐదింటికి బీచ్ రోడ్డులో షూ లేసులు కట్టుకుంటూ ఉంటారు. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ లిస్టు పట్టుకుని నిలబడతారు. ఎవరిని కదిపినా పోయిన ఏడాది టైమింగ్ చెబుతారు. ఆ టైమింగ్ రావడానికి అంతకుముందు ఎన్ని నెలలు పరిగెత్తారో మాత్రం గుర్తుండదు.

నేను పరిగెత్తిన రోజుల్లోనూ, ఇప్పుడు పిల్లల వెనక స్టాప్‌వాచ్ పట్టుకుని తిరుగుతున్న రోజుల్లోనూ చూసింది ఒకటే. మా జట్టులో దెబ్బతిన్నవాళ్లు పోటీలో దెబ్బతిన్నది తక్కువ. మొదటి మూడు వారాల్లో, మూడు నెలల బాకీ ఒకేసారి తీర్చేద్దామన్న తొందరలోనే ఎక్కువమంది దెబ్బతిన్నారు. మంచు దేశాల్లో కాలేజీ స్కీ జట్లు కూడా మంచు పడకముందే, ఆకులు రాలే కాలంలో, చక్రాల స్కీలు కట్టుకుని తారు రోడ్ల మీద సాధన చేస్తాయి. వాళ్లు మంచు కోసం చూస్తూ తయారవుతారు, మనం వాన తెరిపి కోసం చూస్తూ. వాళ్ల బాధ చలి, మన బాధ ఉక్క.

మొదటి రోజుకి ముందే ఒక పని ఉంది. పరిగెత్తుతూ ఉండగా ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయారా? వేగం పెంచినప్పుడు గుండెల్లో నొప్పి, పట్టేసినట్టు ఉండటం? ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయారా? ఈ మూడింటిలో ఒక్కదానికి అవునన్నా ముందు డాక్టరు, ఈసీజీ, ఆ తర్వాతే పరుగు. ఇది అడగడానికి మొహమాటపడే పీడీలు ఉన్నారు, చెప్పడానికి మొహమాటపడే పిల్లలు అంతకంటే ఎక్కువ. జట్టులో కనీసం ఇద్దరికి ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టడం వచ్చి ఉండాలి. ఛాతీ మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 108 వాహనం వచ్చేదాకా ఆపకుండా.

రెండు నెలలకు మించి మానేసినవాళ్లు పాత దూరంలో సగంతో మొదలుపెట్టండి. సగం అంటే నవ్వుతారు, నవ్వనివ్వండి. వరసగా రెండు రోజులు గట్టి పరుగు వద్దు. గట్టిగా పరిగెత్తిన మర్నాడు పక్కవాడితో కబుర్లు చెప్పుకోగలిగేంత నెమ్మదిగా వెళ్లాలి. కబుర్లు ఆగిపోయాయంటే వేగం పెరిగినట్టు.

ఇక అసలు సంగతి. వైజాగ్‌లో అక్టోబరు మోసం చేస్తుంది. మే నెలలో ఎండకి జడిసి అందరూ జాగ్రత్తగానే ఉంటారు. అక్టోబరులో ఫోన్ తీసి ఇరవయ్యారు డిగ్రీలని చూసి, చల్లగానే ఉంది కదా అనుకుంటారు. కానీ తెల్లవారుజామునే గాలిలో తేమ ఎక్కువ. సముద్రపు గాలి ఇంకా మొదలవ్వదు, ఆకు కదలదు. చెమట ధారలు కడుతుంది గాని ఆరదు. ఒళ్లు చల్లబడేది చెమట పట్టినందుకు కాదు, ఆ చెమట ఆరినందుకు. ఆరకపోతే లోపలి వేడి లోపలే ఉండిపోతుంది.

మా మూడో ఏడాది ఇలాంటి పొద్దునే కోస్టల్ బ్యాటరీ నుంచి జోడుగుళ్లపాలెం వైపు వేగంగా పరిగెడుతున్నాం. మాలో ఒకడు, మామూలుగా నోరు విప్పని మనిషి, పెదజాలారిపేట దగ్గర ఆగి మమ్మల్ని బూతులు తిట్టడం మొదలెట్టాడు. మేం నవ్వాం. "ఏటైందిరా నీకు" అంటే "నాకేటీ అవలేదు, వదలండి" అని తూలుకుంటూ ఇసకలోకి నడిచాడు. బనీను తడిసి ముద్దైపోయి ఉంది. వడదెబ్బ అంటే చెమట ఆగిపోతుందని చదువుకున్నాం కాబట్టి ఆ మాట ఎవరికీ తట్టలేదు. నిమిషంలో కుప్పకూలాడు. అక్కడ చేపలు సర్దుతున్న ఒక అమ్మ ఐసు పెట్టె ఈడ్చుకొచ్చి వాడి ఒంటి మీద కుమ్మరించింది. ఆసుపత్రిలో డాక్టరు మాకు చెప్పింది ఒక్కటే, ఆవిడ చేసిన పనే ముందు చెయ్యాల్సిన పని అని. వాడు బతికి బట్టకట్టాడు, రెండు రోజులు చేపల కంపు కొట్టాడు.

పరుగులో వచ్చే వడదెబ్బకి చెమట ఆగక్కర్లేదు. ఒంటి లోపలి వేడి నలభై డిగ్రీలు దాటుతుంది, బుర్ర పని చెయ్యడం మానేస్తుంది. చూడాల్సింది మాట, నడక, ప్రవర్తన. తేడాగా మాట్లాడటం, తూలడం, దారి తప్పడం, కారణం లేకుండా కోపం. "బాగానే ఉన్నాను" అన్న మాటని ఆ టైములో నమ్మకండి. ఈ రోజు ఏ వారమో అడగండి, తడబడితే పడుకోబెట్టండి.

అప్పుడు ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా మిగతావాళ్లు నీళ్లలో ముంచాలి. టబ్బు లేదా? ఏ కాలేజీలోనైనా పాత ఫ్లెక్సీలకు కరువుండదు. ఒక పెద్ద ఫ్లెక్సీ అంచులు నలుగురైదుగురు ఎత్తి పట్టుకుంటే అదే తొట్టి. మనిషిని అందులో పడుకోబెట్టి, తల పైకి ఉంచి, ఐసు నీళ్లు పోసి అటూ ఇటూ ఊపుతూ ఉండాలి. అదీ కుదరకపోతే ఐసు నీళ్లలో ముంచిన తువ్వాళ్లు ఒళ్లంతా కప్పి, వేడెక్కగానే మారుస్తూ విసరండి. మొదటి అరగంటలోపు వేడి దింపగలిగితే చాలావరకు గండం గడిచినట్టే. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యకండి. జ్వరం మాత్ర దీనికి పని చెయ్యదు. మా సంచిలో ఇప్పుడు ఫస్ట్ ఎయిడ్ పెట్టెతో పాటు మడతపెట్టిన ఫ్లెక్సీ ఒకటి ఉంటుంది. దాని మీద ఏదో ఫ్రెషర్స్ డే బొమ్మ ఉంది, పర్లేదు.

ఒళ్లు ఈ ఉక్కకి అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రెండు వారాలు టైమింగ్ చూడొద్దు. ఏసీ గదిలో పడుకుని లేచి వచ్చేవాళ్లకి ఇంకాస్త ఓపిక కావాలి.

నీళ్ల విషయంలో రెండు తప్పులూ చూశాను, అసలు తాగకపోవడం, బలవంతంగా తాగించడం. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. బరువు పెరిగి వచ్చారంటే అవసరానికి మించి తాగారని అర్థం. ఉప్పు లేని నీళ్లు మరీ ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోయి అదీ ప్రాణం మీదకి తెస్తుంది. ఉప్పేసిన మజ్జిగ, తరవాణి (పులిసిన అన్నం నీళ్లు), చోడి (రాగి) అంబలి మన దగ్గర ఉండగా రంగు రంగుల సీసాలు కొనక్కర్లేదన్నది నా అభిప్రాయం. ఓఆర్ఎస్ అయితే ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లే కలపాలి. నొప్పి మాత్ర వేసుకుని పరుగుకి దిగడం మాత్రం మానెయ్యండి. నీరు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు కిడ్నీల మీద పడతాయి, పైగా ఆగమని చెప్పే నొప్పి నోరు నొక్కేస్తాయి.

ఇసకలో పరిగెడితే కాళ్లు గట్టిపడతాయి, నిజమే. కానీ తీరం వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. వెళ్లినంత దూరం అదే వాలు మీద వెనక్కి రావాలి. పొడి ఇసకలో వారానికి ఒక్కసారి, పదిహేను ఇరవై నిమిషాలు చాలు. పిక్క కింద, మడమ పైన పట్టేసినట్టుంటే ఆ వారం ఇసక జోలికి పోవద్దు.

ఇసక కంటే భయం నీళ్లంటే. పరుగు అయ్యాక కాళ్లు చల్లబడతాయని గుంపుగా అలల్లోకి దిగుతారు. ఆర్కే బీచ్‌లో అడుగు ఉన్నట్టుండి లోతుకి పోతుంది, అల వెనక్కి వెళ్లేటప్పుడు లాగుతుంది. అలిసిన కాళ్లు ఆ లాగుడికి నిలబడవు. రుషికొండ, యారాడ కూడా తక్కువవి కావు. మా జట్టులో రూలు ఒక్కటే, షూ తడిస్తే మర్నాడు సెలవు. ఎవరూ వాదించరు, షూ ఎండబెట్టడం ఈ కాలంలో ఎంత కష్టమో అందరికీ తెలుసు. పొరపాటున ఎవరినైనా నీళ్లు లాక్కుపోతే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డుకి సమానంగా పక్కకి ఈది లాగుడు తగ్గాక బయటికి రావాలి. కాపాడటానికి ఇంకొకరు దూకొద్దు. తేలేది ఏదైనా విసరండి, జాలర్లని కేకెయ్యండి.

కొండల దగ్గర అందరూ ఎక్కడం గురించే టెన్షన్ పడతారు. దెబ్బ తీసేది దిగడం. కైలాసగిరి రోడ్డు దిగేటప్పుడు తొడ కండలు బ్రేకు వేస్తూ సాగుతాయి, ఆ నొప్పి మర్నాడు కంటే ఎల్లుండి ఎక్కువ. మొదటి నెల కొండ దిగేటప్పుడు నడవండి. సింహాచలం తొలిపావంచా నుంచి మెట్లెక్కడం మంచి సాధనే, కానీ ఎక్కి దర్శనం చేసుకుని దేవస్థానం బస్సులో దిగిపోండి. సిగ్గేం లేదు. వాన పడ్డాక నాచు పట్టిన మెట్ల మీద పరుగు అసలే వద్దు. "ఆషాఢ పున్నమికి 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ చేశాను, నాకు ఇదో లెక్కా" అనేవాళ్లు ప్రతి ఏడూ ఒకరుంటారు. ఒక రాత్రి నడక వేరు, వారానికి నాలుగు రోజుల పరుగు వేరు. కొండ పరుగు మర్నాడు కండలు వాచి, మూత్రం కోలా రంగులో వస్తే అది ఒళ్లు నొప్పి కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ వరకు పొద్దున్నే బండ్లు ఆపేస్తారు కాబట్టి అక్కడ నిశ్చింత. ఆ ముక్క దాటాక భీమిలి రోడ్డులో బస్సులు జోరు మీద ఉంటాయి. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించే వైపు పరిగెత్తండి, చెవుల్లో ఏమీ పెట్టుకోవద్దు, మెరిసే పట్టీ కట్టుకోండి. కుక్కలు వెంటపడితే ఆగిపోవాలి, పరుగు తీస్తే ఇంకా రెచ్చిపోతాయి. కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టాలి. కంబాలకొండ వైపు చీకట్లో వెళ్లొద్దు. అది అభయారణ్యం, చిరుతలున్న చోటు. పాము కరిస్తే కట్లు కట్టకుండా, నడిపించకుండా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కి తీసుకెళ్లండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీదే తీరం దాటింది. అప్పటి పిల్లలు ఇప్పుడు జట్టులో ఉన్నారు, చాలామందికి లీలగానే గుర్తు. పోర్టులో ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసినా సరే, మేం ఆ రోజు తీరం వైపు వెళ్లం, మెట్ల మీద వ్యాయామంతో సరిపెడతాం. ఉరుము వినబడితే గ్రౌండ్ ఖాళీ చేసి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. తుఫాను పోయాక వారం రోజులు అసలు ప్రమాదం పైన ఉంటుంది, విరిగి వేలాడే కొమ్మలు, తెగిన కరెంటు వైర్లు. వానల వెనకే జ్వరాలు. జ్వరంతో పరిగెత్తితే గుండె కండకి వాపు రావచ్చు. డెంగ్యూ అయితే డాక్టరు సరేననేదాకా గ్రౌండ్‌కి రానివ్వకండి.

కాలి ముందు ఎముక మీద ఒకే చోట, వేలితో నొక్కితే ప్రాణం లేచిపోయేంత నొప్పి ఉంటే ఎముక చిట్లుతోందన్న అనుమానంతోనే చూడాలి. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, కనిపించలేదని పరిగెత్తొద్దు. అమ్మాయిల్లో నెలసరి తప్పితే దాన్ని సాధన బాగా జరుగుతోందనడానికి గుర్తుగా కొందరు చెప్పుకుంటారు. శుద్ధ తప్పు. పరుగుకి సరిపడా తిండి పడటం లేదని ఒళ్లు చెబుతోంది, తర్వాత విరిగేది ఎముకే. పీడీ సార్‌కి చెప్పలేకపోతే సీనియర్ అక్కకి చెప్పండి, ఎవరో ఒకరికి మాత్రం చెప్పండి. ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీల్లో 2017 నుంచి సీనియర్ విభాగంలో ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే దూరం, సుమారు 10 కిలోమీటర్లు. దూరం సమానం చేసుకుని హాస్టల్ కంచంలో మాత్రం రెండు గరిటెల అన్నంతో లేచిపోతే ఎలా?

పండగలు కూడా ఈ రెండు నెలల్లోనే. దీపావళి మర్నాడు, మన వైపు నాగుల చవితి మర్నాడు కూడా, పొగ తేలేదాకా పరుగు వాయిదా వెయ్యండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ లేకుండా రావొద్దు. కార్తీక సోమవారం ఉపవాసం ఉండేవాళ్లకి ఆ రోజు సెలవు, మంగళవారం నెమ్మది పరుగు. గట్టి పరుగు బుధవారానికి జరపడం వల్ల కొంప మునగదు.

నవంబరు మధ్యలో అయ్యప్ప మాల వేసుకునే అబ్బాయిలు జట్టుకి ఇద్దరు ముగ్గురు తప్పక ఉంటారు. నలభై ఒక్క రోజులు చెప్పుల్లేవు, తెల్లారకముందే చన్నీటి స్నానం, ఒంటిపూట భోజనం. మాల వద్దని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పను కూడా. కానీ షూలో పరిగెత్తిన పాదంతో ఒక్కసారిగా తారు రోడ్డు మీద వట్టికాళ్లతో పది కిలోమీటర్లంటే పాదం ఎముకలు ఊరుకోవు. స్వాములకి మేం గడ్డి ఉన్న గ్రౌండ్‌లో, పగటి వెలుతురులో, సగం దూరమే ఇస్తాం. పాదాల్లో గాజుపెంకులు, ముళ్లు ఉన్నాయేమో రోజూ చూసుకోమంటాం, ధనుర్వాతం టీకా ముందే వేయిస్తాం. భిక్షలో పప్పు, పెరుగు, అరటిపళ్లు రెట్టింపు. మాల తీశాక కూడా షూలోకి నెమ్మదిగానే రావాలి. మొదటి వారం రోజు విడిచి రోజు, ఇరవై నిమిషాలు మించకుండా.