తాత యుద్ధసేవను చేర్యాల పటంగా గీయడం

యుద్ధంలో పనిచేసిన తాతను స్మరించుకోవడానికి, ఒకప్పటి వరంగల్ జిల్లాలోని చేర్యాల నకాశీ పద్ధతిలో, అంటే పొడవాటి గుడ్డ మీద కథను బొమ్మల వరుసగా చెప్పే సంప్రదాయ చిత్రకళలో, పటం గీయడాన్ని మించిన మార్గం మనకు లేదని నా నమ్మకం. కథలు చెప్పే కళాకారులైన కూనపులివారు పటం విప్పుతూ పద్మశాలీలకు మార్కండేయుని కథ చెప్పినట్లే, ఊరు విడిచిన నాటి నుంచి తిరిగి వచ్చిన నాటి వరకు ఆయన కథను గడుల వరుసలో చెప్పవచ్చు.

ముందుగా వివరాలు సేకరించాలి. సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చే డిశ్చార్జి పుస్తకం దొరకకపోతే పతకాలను చూడండి. స్వాతంత్ర్యం తరువాతి పతకాల అంచు మీద సాధారణంగా నంబరు, హోదా, పేరు చెక్కి ఉంటాయి; వెలుతురుకు ఏటవాలుగా పట్టి చదవాలే గాని పాలిష్‌తో రుద్దకూడదు, అక్షరాలు అరిగిపోతాయి. 1971 యుద్ధంలో తూర్పు రంగంలో పనిచేసినవారికి పూర్వీ స్టార్, పశ్చిమ రంగంలో పనిచేసినవారికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు కనుక, ఏ సరిహద్దును గీయాలో పతకాన్ని బట్టే తెలుస్తుంది. రెండో ప్రపంచ యుద్ధపు బర్మా స్టార్ అయితే రిబ్బను మధ్యలో ఎరుపు, ఇరువైపులా ముదురు నీలం, ఒక్కో నీలం పట్టీ మధ్యలో సన్నని నారింజ చార ఉంటాయి. ఆ రంగులనే పటం అంచుకు వాడితే ఎంతో నిండుగా ఉంటుంది.

ఆయన చేసిన పనినే గీయండి. లారీ నడిపినవారి చేతిలో తుపాకి పెట్టడం గౌరవం కాదు. మందుగుండు, రేషను మోసిన ఆ లారీకే పెద్ద గడి కేటాయించండి. ఇంటి దగ్గర ఉత్తరం కోసం ఎదురుచూసిన నానమ్మకూ ఒక గడి ఉండి తీరాలి.

ఖద్దరు గుడ్డను బిగించి కట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, బియ్యపు గంజి, సుద్దమట్టి, బంకనీళ్లు కలిపిన పూతను మూడుసార్లు వేయాలి. ఒక పూత పూర్తిగా ఆరనిదే మరొకటి వేయకూడదు. తొందరపడితే చుట్టినప్పుడు పగుళ్లిస్తుంది. గడులు విభజించి, బొమ్మలు గీసి, మొదట నేపథ్యమంతా ఎరుపు నింపండి. తరువాత ముఖాలు, దుస్తులు వేయాలి. నలుపు తెలుపు ఫొటోను చూసి దుస్తుల రంగు ఊహించవద్దు. 1971 నాటి సైనికుడికి ఆలివ్ పచ్చ వేయాలి. చివరగా సన్న కుంచెతో నల్లని గీతలు దిద్దండి.

పటాన్ని మడవకుండా, బొమ్మ మీద పలుచని నూలుగుడ్డ పరిచి, వెదురు బొంగుకు వదులుగా చుట్టి భద్రపరచండి. చుట్టే ముందు వెనుకవైపు ఆయన పేరు, సైనిక నంబరు, రెజిమెంటు, గడుల వారీగా కథ రాసిపెట్టండి.