సైనికుడు ఒకేసారి నాలుగు పనులు చక్కబెట్టగలడా? ముందే అంచనా వేయడం ఎలా?

తెర మీద రాడార్ చూడాలి, చెవిలో రేడియో వినాలి, మధ్యలో దూరం లెక్కగట్టాలి. ఈ డ్యూటీ ఎవరికివ్వాలి? "నాకు మల్టీటాస్కింగ్ బాగా వచ్చు" అనే మాట నమ్మి మాత్రం ఇవ్వకండి. ఈ విషయంలో చాలామంది తమను తాము ఎక్కువగా అంచనా వేసుకుంటారని యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లోనే చూపించారు.

ముందు ఉన్న మార్కులు తీయండి. అమెరికా సైన్యంలో సిపాయిలుగా చేరేవాళ్లు ఆస్వాబ్ పరీక్ష రాస్తారు. అందులోని అంకగణితం, గణితం, పదజ్ఞానం, పేరా చదివి అర్థం చేసుకోవడం అనే నాలుగు భాగాలను కలిపి 1 నుంచి 99 వరకు పర్సెంటైల్ (వందమందిలో ఎంతమందితో పోలిస్తే మెరుగో చెప్పే అంకె) ఇస్తారు. ఇది మంచి ఆధారమే. కాకపోతే పరీక్షలో ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, డ్యూటీలో పనులన్నీ ఒక్కసారే మీద పడతాయి.

అందుకే వర్కింగ్ మెమరీని, అంటే ఒక పని చేస్తూనే మరో విషయాన్ని మనసులో పట్టి ఉంచుకునే శక్తిని, విడిగా కొలవాలి. నా దృష్టిలో అసలు కీలకం ఇదే. తెర మీద చిన్న లెక్క వస్తుంది, జవాబు తప్పో ఒప్పో చెప్పాలి. వెంటనే ఒక అక్షరం. మళ్లీ లెక్క, మళ్లీ అక్షరం. చివర్లో అక్షరాలన్నీ వరసగా చెప్పాలి. కొందరు లెక్కలు గాలికొదిలేసి అక్షరాలే బట్టీపడతారు, కాబట్టి లెక్కల్లో తప్పులెన్నో కూడా చూడండి.

ఆ తర్వాత అసలు పని పెట్టండి. సిన్‌విన్ అనే ప్రోగ్రామ్‌లో తెర నాలుగు భాగాలుగా ఉంటుంది: ఒకచోట అక్షరాలు గుర్తుపెట్టుకోవాలి, ఒకచోట కూడికలు, ఒకచోట ఇంధనం ముల్లు పడిపోకుండా చూడాలి, మరోచోట శబ్దాలు విని తేడా పట్టాలి. నాలుగింటికీ కలిపి ఒకే స్కోరు. ముందు కాస్త ప్రాక్టీస్ ఇవ్వండి, లేకపోతే కొత్తవల్ల వచ్చే టెన్షన్‌నే కొలిచినట్టవుతుంది.

ఇక విశ్లేషణ. సిన్‌విన్ స్కోరును అంచనా వేసే సమీకరణంలో ముందు ఆస్వాబ్ మార్కులు పెట్టి, తర్వాత వర్కింగ్ మెమరీ మార్కులు చేర్చండి. అంచనా ఎంత మెరుగుపడిందో అదే కొత్త పరీక్ష విలువ. ఒక్క జాగ్రత్త: సర్వీసులో ఉన్న సిపాయిలంతా ఆస్వాబ్ గట్టెక్కినవాళ్లే. తక్కువ మార్కులవాళ్లు మీ డేటాలో ఉండరు కాబట్టి ఆ పరీక్షకూ పనితీరుకూ ఉన్న సంబంధం అసలుకన్నా బలహీనంగా కనిపిస్తుంది. దానికి సవరణ చేయకుండా "ఆస్వాబ్ పనికిరాదు" అని తేల్చేయడం అన్యాయం.