ఇంగ్లండ్ పల్లెను చదవడం – 4వ పాఠం: లాక్స్టన్ పొలాల్లో బోదెలు

చర్చి, కోట దిబ్బ, వీధి వరస అయ్యాయి. ఈ వారం ఊరు దాటి పొలంలోకి దిగుదాం. చర్చి ఫొటో తీసుకుని బస్సెక్కేసేవాళ్ళకి ఇంగ్లండ్ పల్లె సగమే కనిపిస్తుంది.

నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్టన్‌లో మధ్యయుగాల సేద్యపు పద్ధతి ఇంకా నడుస్తోంది. వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్ అని మూడు పెద్ద పొలాలు. లోపల కంచెలుండవు, రైతులు పంచుకుని దున్నే సన్నటి పొడవాటి పట్టీలే. పాత లెక్కలో ఒక పొలంలో చలికాలపు గోధుమ, ఒకదాంట్లో వసంతంలో విత్తే పైరు, మూడోది బీడు. ఏటా వంతు మారుతుంది. ఒకరి పట్టీలన్నీ ఒకే పొలంలో ఉంటే అది బీడు పడ్డ ఏడాది ఆ ఇంటికి గింజ రాదు. అందుకే ప్రతి రైతుకీ మూడింటిలోనూ పట్టీలు పెట్టారు.

ఇక బోదెలు చదవడం. బోదెలంటే ఇక్కడ పాత దున్నకంతో ఎత్తుగా నిలిచిన మట్టి వరసలు, వాటి మధ్య పల్లాలే కాలువలు. ముందుగా ఒక హెచ్చరిక: వీటి కోసం దున్నుతున్న పొలాల్లో వెతకొద్దు. ట్రాక్టరు చదును చేసేసింది. ఎప్పుడో పచ్చికబయలుగా మారి, తర్వాత నాగలి తగలని నేలలోనే బోదెలు మిగిలాయి. చలికాలంలో సాయంత్రపు ఏటవాలు ఎండలో, లేదా పలచగా మంచు పడ్డ ఉదయం వెళ్ళండి. జూన్ మధ్యాహ్నం వెళ్తే గడ్డి తప్ప ఏమీ కనబడదు.

వెడల్పు కొలవండి. ఒక్క బోదె కొలిస్తే లెక్క తప్పుతుంది, అంచులు అరిగి ఉంటాయి. ఒక కాలువ అడుగున నిలబడి పది బోదెలు దాటి, మొత్తాన్ని పదితో భాగించండి. 5 నుంచి 10 మీటర్ల మధ్య వచ్చి, బోదె పొడవునా కొంచెం వంకర ఉంటే మధ్యయుగానిది అనుకోవచ్చు. 3, 4 మీటర్లే ఉండి తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటే చాలావరకు 18, 19 శతాబ్దాల పని. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పొరబడేది ఇక్కడే. ఏటి పక్కన తడి పచ్చికలో ఉన్న బోదెల్నీ తొందరపడి లెక్కలో వేయకండి. అవి నీరు పారించడానికి తవ్విన కాలువలు కావచ్చు.

ఆ వంకర తిరగేసిన ఎస్ ఆకారంలో ఉంటుంది. బరువు నాగలికి ఎనిమిది ఎద్దుల దాకా కట్టేవారు, జంట వెనక జంట. పట్టీ చివర అంత పొడవు వరస ఒక్కసారిగా తిరగలేదు. ముందు జంటలు ఎడమకి మళ్ళుతుండగానే నాగలి చివరిదాకా సాగాలి. అలా తరాల తరబడి దున్నితే నేలే వంగిపోయింది. బోదె ఎత్తు కూడా ఆ నాగలి పనే: దాని రెక్క మట్టిని ఎప్పుడూ కుడివైపే తిరగేస్తుంది, పట్టీ చుట్టూ తిరుగుతూ దున్నితే మట్టి నడిమికి చేరుతుంది. మన కర్ర నాగలి మట్టిని చీలుస్తుందే గాని తిరగెయ్యదు.

పట్టీ కొలతలు మనకి కొత్తేమీ కావు. 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు: 4,840 చదరపు గజాలు, అంటే మన ఎకరమే. తెలంగాణలో 40 గుంటలు, ఆంధ్రలో 100 సెంట్లు. ఆ 22 గజాలే సర్వేవాళ్ళ గొలుసు, వంద లింకులది. అయితే ఇది కాగితం మీది కొలత. నేల మీద అర ఎకరం పట్టీలూ ఉన్నాయి, వాగు అడ్డొచ్చి కుచించుకుపోయినవీ ఉన్నాయి.

మరి ఈ ఊరొక్కటే ఎలా మిగిలింది? 1750 తర్వాత నూరేళ్ళలో పార్లమెంటు చట్టాలతో వేల ఊళ్ళలో పట్టీలు కలిపేసి తిన్నటి ముళ్ళకంచెలు వేశారు. లాక్స్టన్‌లో ఆ పని పూర్తి కాలేదు. 20వ శతాబ్దం మొదట్లో పట్టీల్ని కొంత కలిపి పెద్దవి చేశారు గాని, మూడు పొలాలు నిలిచాయి. 1952లో వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఎస్టేటు కొంది, 1981లో అది రాజరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కి, 2020లో థోర్స్‌బీ ఎస్టేట్‌కి వెళ్ళింది.

పద్ధతి నడిపేది కోర్ట్ లీట్ అనే గ్రామ న్యాయసభ. ఏటా నవంబరు చివర ఆ సభ నియమించిన జ్యూరీ గోధుమ పొలం చుట్టి, హద్దుల్లో మేకులు దిగగొడుతుంది. దున్నుతూ బాటలోకి, గడ్డి నేలలోకి చొరబడినవాళ్ళకి జరిమానా వేస్తుంది. సభ వారం తర్వాత డవ్‌కోట్ ఇన్ అనే ఊరి పబ్బులో జరుగుతుంది.

అభ్యాసం: 1635లో మార్క్ పియర్స్ గీసిన లాక్స్టన్ పటాన్ని (ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది) ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టండి. మూడు పొలాల హద్దులు గీయండి. పచ్చికలో బోదెలు కనిపించిన చోట వంకర ఏ వైపుకో గుర్తు పెట్టండి. తర్వాతి పాఠం ఊళ్ళోని బందెలదొడ్డి గురించి.