మా బ్రౌనీకి తిండి మార్చిన తీరు

పదకొండేళ్లుగా మా కుక్క బ్రౌనీ తిన్నది పెరుగన్నం, ఉడకబెట్టిన చికెన్. ఇప్పుడు పళ్లు అరిగాయి, ఒళ్లు పెరిగింది. డాక్టరు రక్తపరీక్ష చేసి, ముసలి కుక్కల డ్రైఫుడ్‌కి మార్చమన్నారు. ఆ పరీక్ష మీరూ ముందే చేయించండి. కిడ్నీ జబ్బుంటే పెట్టే తిండే వేరు.

నేను మొదటి రోజే గిన్నె నిండా కొత్తది పోశాను. అర్ధరాత్రి రెండింటికి వరండా కడుక్కున్నాను. కోలుకున్నాక మళ్లీ మొదలుపెట్టాం. మూడు నాలుగు రోజులు ముప్పావు వంతు పాతది, పావు వంతు కొత్తది. తర్వాత నాలుగు రోజులు సగం సగం. ఆపైన ముప్పావు కొత్తది. పడుచు కుక్కకి వారం చాలు కానీ, ముసలిదానికి రెండు వారాలు పట్టినా తొందరపడకండి.

డ్రైఫుడ్ గింజల మీద గోరువెచ్చని నీళ్లు పోసి పది నిమిషాలు ఉంచండి. వేలితో నొక్కితే మెత్తగా అణగాలి. వాసన కూడా బాగా లేస్తుంది, బ్రౌనీ దానికే లేచి వచ్చేది. చికెన్ ఉడికించిన నీళ్లు కలపొచ్చు, కానీ అందులో ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. మా అత్తయ్యని నమ్మించడానికే ఎక్కువ టైం పట్టింది!

రోజూ విరేచనం చూడండి. మెత్తబడితే వెనకటి పాళ్లకి వెళ్లి రెండు రోజులు ఆగండి. నీళ్లలా పోతున్నా, రక్తం పడినా, రోజంతా ఏమీ ముట్టకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

పెరుగు మాత్రం ఇప్పటికీ ఒక చెంచా పైన వేస్తున్నాను. అది లేకపోతే గిన్నె వంక చూడదు.