మల్లె అత్తరు చేతి మీద పరీక్షించి కొనడం ఎలా?

చార్మినార్ దగ్గర అత్తరు కొట్లో సీసా మూత తీయగానే మల్లె గుప్పుమంటుంది. ఆ గుబాళింపుకే పడిపోయి డబ్బులిచ్చేయకండి. పూల అత్తరు సంగతి తెలియాలంటే ఒక పూట పడుతుంది.

పరీక్షించే రోజు ఘాటు వాసన సబ్బు, పౌడరు, బాడీ స్ప్రే వద్దు. చర్మం మరీ పొడిబారి ఉంటే పరిమళం త్వరగా పోతుంది. వాసన లేని వాజలిన్ కాస్త రాసుకుంటే నిలుస్తుంది.

అత్తరులో స్పిరిట్ ఉండదు, అంతా నూనే. అందుకే మణికట్టు లోపలి వైపు ఒక్క చుక్క చాలు. రెండు చేతులూ కలిపి రుద్దకండి. ఆ వేడికి తేలికైన వాసనలు ముందే ఎగిరిపోతాయి. ఇంకో చుక్క పాత చేతిరుమాలు మీద వేసి పక్కన పెట్టండి, దాని పని తర్వాత ఉంది.

మొదటి పది పదిహేను నిమిషాలు తీపిగా, కాస్త పండిన అరటిపండులా అనిపించవచ్చు. మల్లెలో ఉండే బెంజైల్ అసిటేట్ అనే పదార్థం గుణం అది. అప్పుడే ఏమీ తేల్చుకోకండి.

అరగంట దాటాక అసలు మల్లె బయటికొస్తుంది. ఇక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు. తీపి కింద ఏదో బరువైన వాసన, కొంచెం కలరా ఉండల్లాంటిది తగులుతుంది. అత్తరు పాడైందని అనుకోవద్దు. అది ఇండోల్ అనే పదార్థం వాసన, నిజమైన మల్లెపువ్వులోనూ ఉంటుంది. సాయంత్రం జడలో పెట్టుకున్న దండను రాత్రి పదింటికి తీసి వాసన చూడండి, ఇదే కనిపిస్తుంది. నా మట్టుకు అది లేని మల్లె సబ్బులా ఉంటుంది, పువ్వులా ఉండదు.

మాటిమాటికీ వాసన చూస్తే ముక్కు అలిసిపోతుంది. కాఫీ గింజలు అక్కర్లేదు, కాసేపు బయట గాలి పీల్చి రండి. మీకు తెలియకపోయినా పక్కవాళ్లకు తెలుస్తుంటుంది, ఇంట్లో ఎవరినైనా అడగండి. దురద, ఎరుపు వస్తే మాత్రం వెంటనే సబ్బుతో కడిగేయండి.

అత్తర్లకు పేరుపడ్డ ఉత్తరప్రదేశ్ ఊరు కన్నౌజ్‌లో పాత పద్ధతి ప్రకారం పూలను డేగులనే పెద్ద రాగి పాత్రల్లో నీళ్లతో కాచి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పట్టేవారు. గంధం ఖరీదైపోయి ఇప్పుడు చాలా అత్తర్లలో వేరే నూనెలు వాడుతున్నారు. అసలు గంధం ఉంటే సాయంత్రానికి చేతి మీద మెత్తగా, పాల కమ్మదనంతో మిగులుతుంది.

అప్పుడు రుమాలు తీయండి. ఒంటి వేడి తగలదు కాబట్టి బట్ట మీద మల్లె ఇంకా ఉండే అవకాశం ఎక్కువ. రెండూ మార్చి మార్చి చూసి, చేతి మీదిది నచ్చితేనే కొట్టుకు మళ్లీ వెళ్లండి.