కొత్త పిస్టల్ జామ్ అవుతుంటే ముందు మ్యాగజైన్లకు నంబర్లు వేయండి

కొత్త సెమీ ఆటోమేటిక్ పిస్టల్ షూటింగ్ రేంజ్‌లో మాటిమాటికీ ఆగిపోతుంటే భలే చిరాకు. తప్పంతా పిస్టల్‌దే అనిపిస్తుంది కానీ, చాలాసార్లు తేడా తూటాలు నింపే మ్యాగజైన్‌లోనే ఉంటుంది. పెయింట్ మార్కర్‌తో ప్రతి మ్యాగజైన్ అడుగున 1, 2, 3 అని రాయండి. జామ్ అయినప్పుడల్లా ఏ నంబరు, ఎన్నో రౌండు (తూటా), తూటా లోపలికి వెళ్లలేదా లేక పేలిన తూటా ఖాళీ కేసు బయటికి రాలేదా అన్నది రాసుకోండి. ఒకే నంబరు మళ్లీ మళ్లీ వస్తుంటే దాన్ని పక్కన పెట్టేయండి.

అన్ని మ్యాగజైన్లతోనూ జామ్ అవుతుంటే మ్యాగజైన్ తీసి, చాంబర్ (తూటా కూర్చుని పేలే చోటు) ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి, అప్పుడు విప్పండి. ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు తుడిచి, స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కీ ముందుకీ కదిలే పైభాగం) పట్టాల మీద ఒక్కో చుక్క గన్ ఆయిల్ వేయండి. 9 ఎంఎం అయితే బుల్లెట్ బరువు 124 గ్రెయిన్లు (సుమారు 8 గ్రాములు) ఉన్న ఫుల్ మెటల్ జాకెట్ (బుల్లెట్‌కి లోహపు కవచం ఉన్న) తూటాలతో, మణికట్టు వదులు కాకుండా పట్టుకుని కాల్చి చూడండి. కొత్త స్ప్రింగ్ బిగుతుగా ఉంటుంది కాబట్టి బలం తక్కువ తూటాకి స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ కేసు నిలువుగా ఇరుక్కుంటుంది.

మామూలు పేలుడు బదులు టప్ మని చిన్న చప్పుడు వస్తే మాత్రం ఇవేవీ పనికిరావు. బుల్లెట్ బారెల్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు, ఇంకో రౌండు అస్సలు కాల్చకుండా గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసే నిపుణుడికి) చూపించండి.