మేడ మీది మల్లె కుండీలకు వేసవి ఆరంభంలో చేయవలసినవి
హైదరాబాదులో మార్చి సగానికి మేడ మీది మల్లెలు మొగ్గ తొడుగుతాయి గాని, ఏప్రిల్‌లో ఎండ 40 డిగ్రీలకు చేరువయ్యేసరికి కింద కాలే స్లాబు వేడి కూడా వేళ్లను దెబ్బతీస్తుంది. అందువల్ల ప్రతి కుండీని ఇటుకలపైకి ఎత్తి, అడుగున గాలి ఆడేలా ఉంచి, మట్టిపై 2 అంగుళాల మందాన ఎండుటాకులు గాని కొబ్బరి పీచు గాని కాండానికి తగలకుండా పరచాలి.

నీరు ఉదయం 7 గంటలలోపే పోయడం మంచిది. సాయంత్రం పోయవలసి వస్తే, గొట్టంలో నిలిచిన నీరు కాగి ఉంటుంది కనుక, మొదటి బకెట్టును పక్కన పెట్టి చల్లారనివ్వాలి.

మల్లె కొత్త చిగుళ్లకే పూస్తుంది కాబట్టి, ఒక విడత పూలు అయిపోగానే ఆ కొమ్మల కొసలను 2 లేదా 3 అంగుళాల మేర కత్తిరిస్తే, కొన్ని వారాలలో మళ్లీ మొగ్గలు వస్తాయి. చాలామంది ఈ పని మాని, పూలు తగ్గాయని ఎరువు మాత్రం గుప్పిస్తారు.

తెల్లగా ఉబ్బిన మొగ్గలను సాయంత్రం 5 గంటల వేళ కోసి తడిగుడ్డలో చుట్టి ఉంచితే, చీకటి పడ్డాక విచ్చుకుంటాయి. కొన్నింటిని కొమ్మకే వదిలి, రాత్రి భోజనమయ్యాక వాటి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం నా అలవాటు.